మెడలో పుట్టి కంటి మీదికొచ్చే తలనొప్పి

పోయిన వారం ఆవకాయ జాడీల దగ్గర ఆగాం. ఆ సంగతి వచ్చే వారం చూసుకుందాం గానీ, ఈ వారం నా తలనొప్పి కథ వినండి. మీలో చాలామందికి వున్న బాధే ఇది. నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదని కాస్త వివరంగానే రాస్తున్నాను.

చీరలకి ఫాల్సు వెయ్యడం, జాకెట్లు కుట్టడం నాకు పెళ్ళికి ముందునుంచీ అలవాటు. పెళ్ళిళ్ళ రోజుల్లో మిషను ముందు కూర్చున్నానంటే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే లేవడం. సాయంత్రమయ్యేసరికి కుడివైపు మెడ వెనకాల, జుట్టు మొదలయ్యే చోట, మేకు దిగినట్టుండేది. అక్కణ్ణించి నొప్పి మెల్లిగా పైకి పాకి కుడి కంటి మీద కూర్చునేది. "పార్శ్వనొప్పేనమ్మా" అని మా అత్తగారు శొంఠి అరగదీసి కణతకి పట్టు వేసేవారు. ఆ మంట ఉన్నంతసేపూ అసలు నొప్పి మర్చిపోయేదాన్ని. మంట తగ్గగానే మళ్ళీ మామూలే.

ఆ తర్వాత మాత్రలకి దిగాను. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ పక్కన మేకుకి ఒక కవరు, దాన్నిండా తలనొప్పి మాత్రలు. పిల్లలు పెన్సిలు పోయిందని అడిగినంత తేలిగ్గా నేను మాత్ర వేసుకునేదాన్ని.

మా వదిన న్యూజెర్సీలో వుంటుంది. ఆవిడకీ ఇదే బాధ. ఓరోజు ఫోన్లో, "కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నానమ్మాయ్, మెడ సర్ది పంపిస్తాడు, ప్రాణం లేచొచ్చింది" అంది. కైరోప్రాక్టర్ అంటే మందులివ్వకుండా చేతుల్తో వెన్నుపూసల్నీ కీళ్ళనీ కదిలించి నొప్పి తగ్గించే మనిషి. చెయ్యి, చెయ్యడం అనే రెండు గ్రీకు మాటలు కలిపి ఆ పేరు పెట్టారట. ఈ విద్య 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో పుట్టింది. డి.డి. పామర్ అనే ఆయన, తన ఆఫీసు వున్న భవనంలో పనిచేసే చెవిటి మనిషికి వెన్నుపూస సర్దితే వినికిడి వచ్చిందని చెప్పుకున్నాడు. వెన్నుపూస సర్దితే చెవుడెలా పోతుందో నాకైతే అర్థం కాలేదు. అప్పట్లో చాలామంది డాక్టర్లూ నమ్మలేదు. అయినా అక్కడది నిలబడింది. ఇప్పుడు దానికి కాలేజీలున్నాయి, నాలుగేళ్ళ చదువుంది, పరీక్షలు పాసై లైసెన్సు తీసుకుంటేనే చెయ్యి వెయ్యనిస్తారు. మన దేశంలో మాత్రం డాక్టర్లకి వున్నట్టు వీళ్ళకంటూ ఒక కౌన్సిల్ లేదు. ఈ తేడా నాకప్పుడు తెలియదు.

మా ఊళ్ళో కూడా ఒకచోట బోర్డు కనిపించింది. వెళ్ళాను. అక్కడి కుర్రాడు నా పేరు, ఫీజు తప్ప ఇంకేమీ అడగలేదు. బీపీ వుందా, ఎప్పుడైనా కింద పడ్డావా, ఏం మాత్రలు వేసుకుంటున్నావు - ఒక్క ప్రశ్న లేదు. బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం ఒక చేత్తో, తల వెనకాల ఒక చేత్తో పట్టుకుని, "వదులుగా వుండండి ఆంటీ" అంటూనే టక్‌మని తిప్పాడు. గుండె ఆగినంత పనైంది గానీ మెడ మాత్రం తేలికైంది. రెండు రోజులు బాగుంది. మూడో రోజుకి నొప్పి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళాను. మూడోసారి వెళ్ళొచ్చిన సాయంత్రం పొయ్యి ముందు నిలబడితే ఇల్లంతా గిర్రున తిరిగింది. రెండు వాంతులయ్యాయి. మా వారు ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, నా అదృష్టం బాగుంది. కానీ అక్కడి నరాల డాక్టరుగారు అసలు జరగగలిగింది ఏమిటో చెప్తే నా ఒళ్ళు జలదరించింది. మెదడు వెనకభాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు రక్తనాళాలు మెడ ఎముకల పక్కనున్న చిల్లుల్లోంచి, జాకెట్ బొందు దూర్చినట్టు, పైకి వెళ్తాయి. మెడని హఠాత్తుగా మెలితిప్పితే ఒక్కోసారి ఆ నాళం లోపలిపొర చిరుగుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి వెళ్తే పక్షవాతమే. ఇది చాలా అరుదు, నిజమే. కానీ అరుదుగా వచ్చినా వచ్చినవాళ్ళకి అది మొత్తం జీవితం. 2016లో అమెరికాలో కేటీ మే అనే మోడల్, ముప్ఫై నాలుగేళ్ళ తల్లి, మెడ తిప్పించుకున్నాక ఇలాగే చనిపోయిందని అక్కడి కరోనర్ తేల్చారు. ఇంకో చిక్కు కూడా వుంది. నాళం చిరగడం మొదలైనప్పుడు మొదట తెలిసేది మెడనొప్పీ తలనొప్పే. అంటే అప్పటికే చిరిగినవాళ్ళు అది మామూలు మెడపట్టు అనుకుని వెళ్ళి తిప్పించుకునే ప్రమాదమూ వుంది.

బ్యూటీపార్లరుకి వెళ్ళేవాళ్ళు ఇది కూడా వినండి. తలస్నానం చేయించేటప్పుడు సింకు అంచు మీద మెడ బాగా వెనక్కి వాలుస్తారు చూడండి, దానివల్ల పక్షవాతం వచ్చిన అయిదు కేసుల గురించి 1993లోనే మైకేల్ వైన్‌ట్రాబ్ అనే అమెరికా నరాల డాక్టరు రాశారు. 2022లో మన హైదరాబాదులో కూడా యాభయ్యేళ్ళావిడకి పార్లర్లో తల కడుగుతూండగానే కళ్ళు తిరిగి ఇదే బయటపడింది. మెడ కింద మెత్తటి తువ్వాలు పెట్టమని అడగండి. మొహమాటపడకండి. క్షౌరం అయ్యాక మెడ అటోసారి ఇటోసారి విరిపించుకోవడం మా వారికి సరదా. ఇప్పుడు మానేశానంటున్నారు, నా ఎదుట అయితే మానేశారు.

సరే, నా సంగతికొస్తాను. డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి మెడ మెల్లిగా రెండు వైపులా తిప్పమన్నారు. ఎడమకి తిరిగినంత కుడికి తిరగలేదు. మెడ వెనకాల ఒకచోట వేలితో నొక్కితే "ఇదేనండీ ఆ నొప్పి!" అని అరిచాను. నొక్కింది మెడ మీద, నొప్పి లేచింది కంటి మీద! మెడ పైభాగంలోని మూడు జతల నరాలూ, నుదుటి నుంచీ మొహం నుంచీ వచ్చే నరమూ లోపల ఒకేచోటికి చేరతాయట. పక్కగదిలోంచి పిల్లలిద్దరూ ఒకేసారి "అమ్మా" అంటే పిలిచిందెవరో తెలియనట్టు, నొప్పి పుట్టింది మెడలోనా కంటి దగ్గరా అన్నది మెదడుకి తెలియదు. నాది అలా మెడలోంచి వచ్చిన తలనొప్పి. మా అత్తగారన్న పార్శ్వనొప్పి, అదే మైగ్రేన్, వేరు. అది పోట్లు పొడుస్తుంది, కడుపులో తిప్పుతుంది, వెలుతురూ చప్పుడూ పడనివ్వదు, మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా వుంటుంది. తమాషా ఏమిటంటే మైగ్రేన్ వచ్చేముందు కూడా చాలామందికి మెడ పట్టేస్తుంది. అప్పుడు మెడ వల్ల తలనొప్పి రాలేదు, తలనొప్పిలో భాగంగా మెడ నొప్పెట్టింది. అందుకని "నా మెడే కారణం" అని మనకి మనమే తేల్చేసుకోకూడదు.

"నెలకి ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటారమ్మా?" అని అడిగారు.

"నొప్పి వచ్చినప్పుడేనండీ" అన్నాను.

"క్యాలెండర్లో గుర్తు పెట్టి నెల తర్వాత తీసుకురండి" అన్నారు.

పాల లెక్క పక్కనే గుండ్రాలు చుట్టాను. పందొమ్మిది! మామూలు పారాసిటమాల్ లాంటివి నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపినవైతే 10 రోజులు, అంతకు పైన, అలా మూడు నెలలు దాటి వాడుతూపోతే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయట. నేను నొప్పికి మందు వేసుకుంటున్నానా, మందుతో నొప్పిని పెంచుకుంటున్నానా! ఆయన చెప్పినట్టే మానేశాను. మొదటి రెండు వారాలూ నరకం. అలాగే వుంటుందని ముందే చెప్పారు గనక తట్టుకున్నాను. మీరు మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా మానకండి.

మా అక్క కొడుకు ఫిజియోథెరపీ చదువుతున్నాడు. నేను ఇంటరుతో ఆపేసినదాన్ని, అందుకని వాడే చదివి తెలుగులో చెప్పాడు. 2002లో ఆస్ట్రేలియాలో గ్వెన్ జల్ అనే ఆవిడా, ఆవిడతో పనిచేసేవాళ్ళూ కలిసి, మెడ వల్ల తలనొప్పి వున్న 200 మంది మీద పరీక్ష చేశారు. చేత్తో మెడకి చికిత్స చేసినవాళ్ళకీ తగ్గింది, మెడ కండరాలకి వ్యాయామం చేయించినవాళ్ళకీ తగ్గింది. ఏడాది తర్వాత చూసినా ఆ గుణం నిలిచే వుంది. 2017లో నార్వేలో 104 మంది మైగ్రేన్ వాళ్ళ మీద కైరోప్రాక్టిక్ పరీక్షించారు. కొందరికి నిజంగా చేశారు, కొందరికి చేసినట్టు నటించారు. నటించినవాళ్ళకీ అంతే తగ్గింది! అంటే మైగ్రేన్‌కి ఆ టక్‌మనడం వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ కనబడలేదు. అన్నట్టు, ఆ చప్పుడు ఎముక సర్దుకున్న చప్పుడు కాదు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదే, కీలులోని జిగట నీళ్ళలో గాలిబుడగల వల్ల వస్తుంది.

ఈ మాటే వదినకి చెప్పాను. ఆవిడ తప్పుపట్టలేదు. మొదటిరోజు గంటసేపు ప్రశ్నలే అడిగారనీ, బీపీ చూశారనీ, ఇంటి దగ్గర చెయ్యడానికి వ్యాయామాలు కూడా ఇచ్చారనీ చెప్పింది. "హాయిగా వుంది" అన్నప్పుడు ఇవి కూడా చెప్పి వుంటే బాగుండేది కదా! ఆ తర్వాత ఆవిడ వాళ్ళ కైరోప్రాక్టర్‌తో, మెడ మెలితిప్పొద్దు, మెల్లిగా కదిలించే పద్ధతి చాలు అని చెప్పేసిందట.

నాతో చేయించిన వ్యాయామం చాలా చిన్నది. వెల్లకిలా పడుకుని మెడ కింద పల్చటి తువ్వాలు మడిచి పెట్టుకోవాలి. చిన్నగా "ఊ" అన్నట్టు గడ్డం లోపలికి ఆడించి, తల పైకి లేపకుండా, 10 సెకన్లు అలాగే వుంచి వదిలెయ్యాలి. ఇలా 10 సార్లు, పొద్దునా సాయంత్రమూ. మొదట్లో ఇదేం వ్యాయామం అని నవ్వుకున్నాను. ఆరు వారాలకి మెడ కుడికి తిరిగింది. కళ్ళు తిరిగినా చేతులు తిమ్మిరెక్కినా ఆపేసి డాక్టరుకి చెప్పాలి. కుట్టుమిషను కింద రెండు చెక్కలు పెట్టి ఎత్తు పెంచుకున్నాను. అరగంటకోసారి లేవడానికి వంటింటి గడియారానికి అలారం పెట్టాను. రెండు దిళ్ళ అలవాటు ఒకటికి దింపాను. చిక్కుళ్ళు ఒలిచేటప్పుడు పళ్ళెం ఒళ్ళో కాకుండా బల్ల మీద పెట్టుకుంటున్నాను. ఫోను కళ్ళకెదురుగా పట్టుకోవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు, చెయ్యి లాగేస్తుంది.

కొన్ని తలనొప్పులకి మాత్రం వ్యాయామమూ వద్దు, శొంఠీ వద్దు, తిన్నగా ఆస్పత్రికే పరిగెత్తాలి. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిందనుకోండి, జ్వరంతో మెడ బిగుసుకుందనుకోండి, మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, వస్తువులు రెండుగా కనిపించినా ఆలస్యం చెయ్యకండి. కిందపడ్డాక వచ్చిందైనా, యాభై దాటాక కొత్తగా మొదలైందైనా, గర్భిణికి వచ్చిందైనా చూపించుకోవాల్సిందే.

పోయిన నెల నా క్యాలెండర్లో గుండ్రాలు అయిదు. అందులో రెండు మా ఆడపడుచు కూతురి పెళ్ళి వారంలోవి. పదహారు జాకెట్లు, ఎవరినీ కాదనలేకపోయాను.