డైవ్ వాచీ బేరం

సగం ధరకు డైవ్ వాచీ అనగానే కొనేవాళ్ల చర్చంతా సఫైర్ గ్లాసా మినరల్ గ్లాసా, చెయిన్ బరువుగా ఉందా, ఎంత మిగిలింది అన్న చోటే తిరుగుతుంది. ముందు చూడాల్సింది డయల్ మీద ‘డైవర్స్’ అన్న మాట ఉందా లేదా అని. ఐఎస్ఓ 6425 ప్రమాణం ప్రకారం ఆ మాట రాయాలంటే వాచీ కనీసం 100 మీటర్ల లోతుకు తగినదై ఉండాలి, చెప్పిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిని తట్టుకోవాలి, చీకట్లోనూ టైమ్ కనిపించాలి. డయల్ చుట్టూ ఉండే బెజెల్ ఒకవైపే తిరగడం కూడా సోకు కోసం కాదు: రాయి తగిలి జరిగినా గడిచిన సమయాన్ని ఎక్కువగానే చూపుతుంది, తక్కువగా ఎప్పుడూ చూపదు. నీటి అడుగున ప్రాణం నిలిపే తేడా అది! ఉదాహరణకు సీకో వాచీలనే చూడండి. 1996 నాటి ఎస్‌కేఎక్స్007 నిజమైన 200 మీటర్ల డైవర్, కానీ దానికి చేత్తో కీ ఇవ్వడం కుదరదు. 2019లో అచ్చం అదే పోలికతో వచ్చిన సీకో 5 స్పోర్ట్స్‌కు కీ ఇవ్వొచ్చు, సెకన్ల ముల్లు ఆపి టైమ్ సరిచేసుకోవచ్చు. నీటి రక్షణ మాత్రం 100 మీటర్లే, కీ స్క్రూలా బిగుసుకోదు. రోజూ ఆఫీసుకు పెట్టుకోవడానికి రెండోదే మేలు. సముద్రంలోకి దిగేవాళ్లకు మాత్రం ఎంత తగ్గించినా అది చవక కాదు. స్క్రూలా బిగుసుకునే కీ, 200 మీటర్ల రక్షణ తక్కువ డబ్బులోనే కావాలంటే క్వార్ట్జ్‌తో నడిచే క్యాసియో డ్యూరో ఉంది. ఏది కొన్నా లోపలి రబ్బరు వాషర్లు కాలంతో గట్టిపడతాయి. ఏళ్లుగా గోదాములో పడి ఉన్న సరుకైతే, నీళ్లలో ముంచేముందు వాచీ మెకానిక్‌ చేత ప్రెషర్ పరీక్ష చేయించి, ఆ ఖర్చునూ బేరంలో కలిపి లెక్కేయాలి.