ఎంఎస్ అలసటను నమ్మండి, విరామానికి వీలివ్వండి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఉన్నవాళ్ల ఇంటివాళ్లకు, వాళ్లతో కలిసి పనిచేసేవాళ్లకు ఈ విజ్ఞప్తి. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాలను కప్పి ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. దాంతో మామూలు పనికి కూడా మెదడు ఎక్కువ శ్రమపడాల్సి వస్తుంది. గంటసేపు లెక్కలు చూసిన మనిషి ఆ తర్వాత తెలిసిన మాట కోసమే తడుముకోవచ్చు. పైకి జబ్బు కనిపించదు కాబట్టి చూసేవాళ్లు బద్ధకం అనేస్తారు. ఆ నిందకు భయపడి జబ్బు ఉన్నవాళ్లు ఓపికకు మించి చేసి, మర్నాడు మంచం దిగలేని స్థితికి వస్తారు. ఈ వరస మారాలంటే వాళ్ల అలవాట్లతోపాటు మన తీరు కూడా మారాలి.

ఈ అలసట మాత్రతో పోదా అని అడగవచ్చు. అమాంటడిన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మందులు మూడూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని 2021లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2024లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని ఫోన్‌లో ఇవ్వడం, మొడాఫినిల్, రెండూ కలిపిన చికిత్స దాదాపు ఒకే మేర అలసటను తగ్గించాయి. అందులో ఉత్తుత్తి మాత్రల జట్టు లేదు కాబట్టి ఫలితాన్ని అతిగా చెప్పుకోకూడదు. అయితే 2008 నాటి న్యూజిలాండ్ అధ్యయనంలోనూ ఈ థెరపీ విశ్రాంతి శిక్షణ కంటే ఎక్కువ మేలు చేసింది. ఫోన్‌లోనూ ఇవ్వగలగడం ఊళ్లలో ఉన్నవాళ్లకు ఆశ కలిగించే సంగతి.

ఇలా అలవాట్లు మార్చితే అలసట తగ్గుతోందంటే అది ఉత్త ఊహేనా? కాదు. తిండి వేళలు సరిచేసుకుంటే షుగర్ అదుపులోకి వచ్చినంత మాత్రాన షుగర్ ఊహ అయిపోదు. విరామం ఇస్తే సోమరితనం పెరుగుతుందన్న భయమూ సరికాదు. ఇక్కడ చెబుతున్నది రోజంతా పడుకోవడం గురించి కాదు. అలసట ముదరకముందే కాసేపు ఆగడం, మెదడు చురుగ్గా ఉన్న వేళకు కష్టమైన పని పెట్టుకోవడం, ఒకసారి ఒకే పని చేయడం, వేళకు నిద్రపోవడం, వ్యాయామాన్ని కొంచెం కొంచెంగా పెంచడం. వీటికి ముందు రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్ ఉన్నాయేమో డాక్టర్‌తో పరీక్ష చేయించుకోవాలి. వాడుతున్న మందులు సొంతంగా ఆపకూడదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎంఎస్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది, ప్రభుత్వ కార్యాలయాలు ఉద్యోగికి తగిన వెసులుబాటు కల్పించాలంది. ప్రైవేటు యజమానులారా, మీరూ పని మధ్య విరామం ఇవ్వండి. ఇంటివాళ్లారా, అలసిపోయానన్న మాటను ఒక్కసారికే నమ్మండి. న్యూరాలజిస్టులారా, మందు చీటీతోపాటు ఈ థెరపీ గురించీ చెప్పండి.