బొమ్మ కాని రైలింజను

శ్రమను మరచిపోవడానికే మానవుడు ఆటను ఆశ్రయిస్తాడని సామాన్యాభిప్రాయం. శ్రమనే ఆటగా ఎంచుకొన్నవారు కూడా లేకపోలేదు. ఇంగ్లాండులో పగలంతా ఉద్యోగాలు చేసుకొని, సాయంకాలం ఇంటి పెరటిలోని షెడ్డులో రాగిరేకులు వంచుతూ, ఇత్తడిని చెక్కుతూ చిన్న ఆవిరి రైలింజన్లను నిర్మించుకొనేవారు నూరేళ్ళకు పైబడి ఉన్నారు. ఇటువంటి వారి కోసమే పెర్సివల్ మార్షల్ 1898లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రికను నెలకొల్పాడు. వీరు చేసే ఇంజన్లు అద్దాల బీరువాలో నిలిపే అలంకారాలు కావు. అవి బొగ్గు తింటాయి, నీళ్ళు తాగుతాయి, వెనుక బల్లబండిపై కూర్చున్న మనుషులను లాగుకొని పోతాయి. వాటిని బొమ్మలని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది.

పెద్ద ఇంజను కొలతలన్నింటినీ సమంగా తగ్గిస్తే చిన్న ఇంజను తయారవుతుంది కదా అని తోచవచ్చు. సరిగ్గా అక్కడే ప్రకృతి అడ్డు తగులుతుంది. పట్టాల నడుమ దూరాన్ని గేజి అంటారు. 3½ అంగుళాల గేజికి చేసే ఇంజను అసలుదానిలో సుమారు 16వ వంతు ఉంటుంది. పొడవు 16వ వంతైతే వైశాల్యం 256వ వంతు, ఘనపరిమాణం 4096వ వంతు అవుతాయి. ఘనపరిమాణం తగ్గినంతగా ఉపరితలం తగ్గదు కనుక చిన్న సిలిండరు వేడిని త్వరగా కోల్పోతుంది. లోనికి వచ్చిన ఆవిరిలో కొంత భాగం పని చేయకముందే నీరవుతుంది. బాయిలరులోని గొట్టాలను కూడా అదే లెక్కన కుదిస్తే అవి మసితో పూడుకొనిపోతాయి. కాబట్టి నిర్మాత గొట్టాల సంఖ్యను తగ్గించి, ఒక్కొక్కదానిని కొంత లావుగా అమర్చుకోవాలి. ఇంజను చిన్నదైనంత మాత్రాన నిప్పు, నీరు తమ ధర్మాలను మార్చుకోవు. ఘనపరిమాణ సూత్రాన్ని పరీక్షలో తప్పు లేకుండా వ్రాసేవారు వేలల్లో ఉంటారు. అది చేతివేళ్ళకు తెలిసినవారు ఎందరన్నదే ప్రశ్న.

ఈ సంగతిపై పెద్ద వాదమే జరిగింది. 2½ అంగుళాల గేజి ఇంజను మనుషులను లాగలేదనీ, అంత చిన్న బాయిలరుకు బొగ్గు పనికిరాదనీ, స్పిరిటు దీపమే శరణ్యమనీ 1920ల ఆరంభంలో అనుభవజ్ఞులు పలువురు నమ్మేవారు. ‘ఎల్.బి.ఎస్.సి.’ అనే కలంపేరుతో వ్రాసే ఒక ఔత్సాహికుడు దానిని ఖండించాడు. (ఆ అక్షరాలు అప్పటి ఒక రైల్వే సంస్థ పేరులోనివి.) ఆయన వాదించి ఊరుకోలేదు. ‘అయేషా’ అనే తన ఇంజనులో బొగ్గు రాజేసి, దాని వెనుక పెద్దవారిని కూర్చోబెట్టి లాగించి చూపాడు. ‘బాయిలర్ల యుద్ధం’గా పేరుపొందిన ఆ వివాదంలో ఆయన పక్షమే నిలిచింది. ప్రత్యక్షం ఎదుట అనుమానం నిలువదని మన తర్కశాస్త్రం చెప్పేది ఇదే. అటుపిమ్మట ఆయన దశాబ్దాల తరబడి, చిన్న లేత్ యంత్రం మాత్రమే ఉన్న సామాన్యునికి సైతం అర్థమయ్యేలా, ఏ ముక్కను ఎలా కోయాలో, ఎలా అతకాలో వరుసగా వ్రాస్తూ పోయాడు. కొత్తవారి కోసం ఆయన రూపొందించిన ‘టిచ్’ అనే నాలుగు చక్రాల ఇంజనును నేటికీ నిర్మిస్తున్నారు. పండితుల వాదాన్ని గెలవడం కన్నా ఈ రెండవ పనే గొప్పది.

నిర్మాణం పూర్తయిన ఇంజనును వెంటనే పట్టాలెక్కించడానికి వీలులేదు. రాగి బాయిలరును వెండి కలిసిన టంకంతో అతుకుతారు. పనిచేసేటప్పుడు దానిలో ఆవిరి చదరపు అంగుళానికి 80 నుండి 100 పౌండ్ల ఒత్తిడితో ఉంటుంది. అందువల్ల క్లబ్బులోని పరీక్షకుడు ముందుగా బాయిలరును చన్నీళ్ళతో పూర్తిగా నింపి, పని ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెట్టి చూస్తాడు. నీరు దాదాపు కుంచించుకోదు గనుక అతుకు విడినా బాయిలరు ప్రేలదు, నీరు చిమ్మి ఊరుకుంటుంది. ఈ పరీక్షలో నిర్మాత పేరుప్రతిష్ఠలకు చోటు లేదు. కన్నీటిబొట్టంత తడి కనిపించినా బాయిలరు తిరిగి షెడ్డుకు పోవలసిందే.

నడపడం మరొక విద్య. కిరోసిన్‌లో నానిన కట్టెబొగ్గుతో నిప్పు అంటించి, పొగగొట్టంపై చిన్న పంకా పెట్టి గాలి లాగుతారు. తగినంత ఆవిరి పుట్టాక ఆ పని ఆవిరే చేసుకొంటుంది. అటుపై నడిపేవాని చూపు నీటిమట్టం తెలిపే గాజుగొట్టాన్ని విడువరాదు. బొగ్గు మండే గది పైకప్పు ఎల్లవేళలా నీటిలో మునిగి ఉండాలి. అది బయటపడితే లోహం కాలి మెత్తబడుతుంది. పెద్ద ఇంజనులో నీరు తగ్గడానికి కొంత వ్యవధి పడుతుంది. చిన్నదానిలో రెండు నిమిషాల ఏమరుపాటు చాలు. వెనుక పసిపిల్లలు కూర్చుని ఉంటారు.

ఆవిరి యుగం గడిచిపోయింది, ఈ ప్రయాస ఎందుకని అడిగేవారున్నారు. బ్రిటిష్ రైల్వే తన ప్రధాన మార్గాలపై ఆవిరిని 1968 ఆగస్టులో విరమించింది. భారతదేశంలో బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజన్లు 1995లో విశ్రమించాయి. ఆ ప్రశ్నకు ‘టోర్నడో’ చరిత్రే సమాధానం. ఔత్సాహికులు విరాళాలు పోగుచేసి 2008లో పూర్తిచేసిన ఆ పూర్తిస్థాయి కొత్త ఇంజనుకు బాయిలరును జర్మనీలోని మైనింగెన్ కర్మాగారంలో చేయించవలసి వచ్చింది. ఆవిరి రైలుకు పుట్టినిల్లయిన దేశానికి ఎంతటి దుస్థితి! నలభై ఏళ్ళ విరామం చాలు, ఒక విద్య పరాయి గడప తొక్కడానికి. పెరటి షెడ్డులోని రాగి బాయిలరు ఆ ఉక్కు బాయిలరుకు సాటి కాదన్న మాట నిజమే. అయినా చిత్రపటం చూసి లోహాన్ని మలచడం, కవాటాన్ని వెంట్రుకవాసి సవరించడం, మంట రంగును బట్టి బొగ్గు వేయడం వంటి నేర్పులు ఆ షెడ్లలో ఈనాటికీ చేతినుండి చేతికి అందుతున్నాయి.

అందుకే క్లబ్బులలోని పెద్దలు పదహారేళ్ళవారిని ప్రేక్షకులుగా కాక పనివారుగా పిలవాలి. తొలినాడే బాయిలరు అప్పగించనక్కరలేదు, ఒక చేతిపంపు చాలు. అది చుక్క కారకుండా పనిచేసిన రోజున తరువాతి పని ఏమిటో ఆ పిల్లలే అడుగుతారు.