కొత్త చేపకు వేరే టబ్బు!

బెంగళూరు నుంచో, చెన్నై కొళత్తూరు నుంచో బైరెడ్డిపల్లెకు కవర్లో తెచ్చిన గోల్డ్‌ఫిష్‌ను నేరుగా పాత ట్యాంకులో వదిలేస్తున్నారా? ఆగండి! దాని ఒంటిమీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు తేలితే అది 'ఇక్'. పాత చేపలకూ అంటుకుంటుంది.

20 లీటర్ల టబ్బు, స్పాంజ్ ఫిల్టర్, వేరే వల చాలు. ఇసుక వద్దు. చుక్కలుంటే లీటరుకు 2 గ్రాముల కల్లుప్పు విడిగా కరిగించి, కొద్దికొద్దిగా పోయండి. రోజూ పావువంతు నీళ్లు మార్చండి. కొత్తగా పోసే నీళ్లకు సరిపడా ఉప్పే కలపండి.

చుక్కలు మాయమైతే జబ్బు తగ్గినట్టు కాదు. రాలిన పురుగు అడుగున చేరి వందల పిల్లల్ని వదులుతుంది. ఉప్పు చంపేది ఈదుతున్న ఆ పిల్లల్నే. మన పక్క చలికి నీళ్లు చల్లబడితే అవి బయటికొచ్చేదీ ఆలస్యమే. అందుకే చుక్కలు పోయినా తొందరపడకుండా ఇంకో 3 వారాలు చేపను టబ్బులోనే ఉంచండి.