ప్రెస్సింగ్ కాదు, మాస్టర్ చూడండి

పాత ఆల్బమ్‌ల సీడీలు సేకరించేవాళ్ల మధ్య ఎన్నాళ్లయినా తెగని వాదం ఒకటుంది. ఒకే ఆల్బమ్ ఎన్నోసార్లు విడుదలైనప్పుడు, ఏ దేశంలో ఏ ఏడాది తయారైన డిస్కు బాగా వినిపిస్తుంది? 1980లలో జపాన్‌లో వచ్చిన తొలి సీడీల కోసం కొత్తవాటికి మించి డబ్బు పోసేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ఇదంతా ఉత్త పిచ్చి అనేవాళ్లూ ఉన్నారు. సీడీలో ఉండేవి సున్నాలూ ఒకట్లే కదా, తేడా ఎక్కణ్నుంచి ఊడిపడుతుందని వాళ్ల ప్రశ్న. ఇరుపక్షాల మాటలోనూ సగమే నిజం. తేడా ఉంది, కొన్ని ఆల్బమ్‌ల విషయంలో ఎవరికైనా తెలిసిపోయేంత ఉంది. కాకపోతే అది ఫ్యాక్టరీలో పుట్టేది కాదు. ఏ టేపు తీసుకున్నారు, దాన్ని ఎవరు ఎలా మాస్టర్ చేశారు అన్నదగ్గరే అది తేలిపోతుంది.

జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతి చూడండి. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీ వారి 30వ వీధి స్టూడియోలో రికార్డయిన ఆల్బమ్ ఇది. ‘సో వాట్’, ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’ మూడూ మొదటిరోజు వాయించినవి, ఎల్‌పీ మొదటి వైపు వచ్చినవి. ఆ రోజు ప్రధాన టేపు యంత్రం ఉండాల్సిన వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే సంగీతం పరుగెత్తుతుంది, శ్రుతి పైకి జరుగుతుంది. ‘సో వాట్’ డి స్వరం ఆధారంగా నడిచే రచన. పాత ఎల్‌పీతో పాటు పియానో మీద వాయించబోతే డి మెట్టు తక్కువవుతుంది, దాని పైమెట్టు ఎక్కువవుతుంది, వినిపించే స్వరం రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది. పక్కన శ్రుతి చేసిన వాద్యం లేకుండా వినేవాళ్లకు ఇది పట్టుబడదు. అందుకే మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచం ఆ మూడింటినీ తప్పు శ్రుతిలోనే విన్నది. అదృష్టవశాత్తు ఆనాడు స్టూడియోలో రెండో యంత్రం కూడా నడిచింది, అది సరైన వేగంతోనే తిరిగింది. ఆ టేపు ఆధారంగా 1992లో వచ్చిన బంగారు పూత సీడీలో శ్రుతి సరిపడింది. 1997లో ఇంజనీర్ మార్క్ వైల్డర్ మూడు ట్రాకుల టేపుల నుంచి మళ్లీ మిక్స్ చేసిన సీడీతో ఆ దిద్దుబాటు అందరికీ అందింది. 1980లలో వచ్చిన సీడీని ఎంత శ్రద్ధగా తయారుచేసినా ఆ మూడు రచనల శ్రుతి సరికాదు. తప్పు టేపులోనే ఉంది మరి.

ఫ్యాక్టరీల మధ్య తేడా అసలే లేదా అని అడగవచ్చు. డిస్కు నాణ్యతలో ఉంటుంది. నాసిరకం డిస్కు త్వరగా పాడవుతుంది, ప్లేయర్‌లో అంతరాయాలూ రావచ్చు. కానీ సీడీలోనే దోషాలు సరిదిద్దుకునే ఏర్పాటుంది. చిన్న గీతలు పడినా అసలు అంకెలు తిరిగి దొరుకుతాయి. ఒకే డిజిటల్ మాస్టర్ నుంచి రెండు దేశాల్లో చేసిన డిస్కులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆరంభంలో వచ్చే చిన్న జరుగుబాటును సవరించి పోల్చితే, చాలాసార్లు నమూనాలు ఒక్కటీ తేడా లేకుండా సరిపోతాయి. అయినా తేడా వినిపించిందనేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. పెట్టిన డబ్బూ, చేతిలో ఉన్న అట్టా కూడా వినికిడి మీద పనిచేస్తాయి. ఏ డిస్కు తిరుగుతోందో తెలియకుండా విని గుర్తుపట్టగలిగినప్పుడే ఆ సాక్ష్యానికి విలువ.

ఏ డిస్కో తెలియకుండా వినడం మొదటి పరీక్ష అయితే, రెండోది వాల్యూమ్. ఒకే సంగీతాన్ని ఒక డెసిబెల్ పెంచి వినిపిస్తే, ‘గట్టిగా ఉంది’ అనం, ‘బాగుంది’ అంటాం. ఈ బలహీనత మీదే 1990ల నుంచి రీమాస్టర్ల వ్యాపారం చాలావరకు నడిచింది. మెల్లని చోట్లను పైకి లేపి, శిఖరాలను నరికేస్తే డిస్కు మొత్తం గట్టిగా మోగుతుంది, డ్రమ్ము దెబ్బలో చురుకు మాత్రం పోతుంది. 2008లో వచ్చిన మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ దీనికి పేరుమోసిన ఉదాహరణ. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో అంతగా నలగకుండా వచ్చాయి. సీడీ కంటే గేమ్‌లోనే బాగున్నాయని అభిమానులే గోల చేశారు. రెండు డిస్కుల వాల్యూమ్‌ను సమానం చేసి వింటే ఇలాంటి రీమాస్టర్ల ఆకర్షణ చాలావరకు దిగిపోతుంది.

అలాగని ‘పాతదే మేలు’ అనే సూత్రమూ నిలవదు. తొలినాటి సీడీలు కొన్ని అసలు మాస్టర్ టేపుల నుంచి కాక, ఎల్‌పీ కోసం సవరించి ఉంచిన నకళ్ల నుంచి వచ్చాయి. కొన్నింటిలో పైస్వరాలను కావాలనే పెంచి ఎక్కించారు, ప్లేయర్ వాటిని తిరిగి తగ్గించాలి. అది గమనించకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించి, శబ్దం కీచుగా ఉందని డిస్కును తిట్టడం అన్యాయం. పైగా ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విషయంలో సరైనది కొత్తదే. ఆ తప్పు శ్రుతికే తరాల చెవులు అలవాటుపడ్డాయి కదా, దాన్నెందుకు దిద్దాలి అనేవారూ ఉంటారు. చరిత్రకు సాక్ష్యంగా పాతదాన్నీ దాచుకోవలసిందే. కాకపోతే ఏది ఏదో అట్ట మీద చెప్పి అమ్మాలి.

ఇప్పుడంతా స్ట్రీమింగే కదా, ఈ చర్చ ఎందుకన్న మాటా వస్తుంది. నిజానికి దీని అవసరం ఇప్పుడే పెరిగింది. స్ట్రీమింగ్ కంపెనీలు పాటల వాల్యూమ్‌ను ఒక స్థాయికి తేగలవు గానీ, మాస్టరింగ్‌లో నరికేసిన శిఖరాలను తిరిగి మొలిపించలేవు. చేతిలో డిస్కుంటే కేటలాగ్ నంబరైనా కనిపిస్తుంది. తెర మీద ఆల్బమ్ పేరు కింద వినిపిస్తున్నది ఏ మాస్టరో చాలాసార్లు తెలియదు. కాబట్టి సంగీత కంపెనీలు ప్రతి విడుదలకూ మూలమైన టేపేది, మాస్టర్ చేసిందెవరు, ఏ ఏడాదిలో అన్న మూడు వివరాలు ఇవ్వాలి. అదేమీ ఖర్చయ్యే పని కాదు. కొనేవాళ్లు కూడా డిస్కు ఏ దేశానిదని అడిగే ముందు ఈ మూడూ అడగాలి. వాటికి జవాబివ్వలేని డిస్కుకు అదనపు ధర పెట్టనక్కర్లేదు.