లంకల స్త్రీలు గట్టెక్కాలంటే

గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ అధికారుల నోట ఒక మాట వినిపిస్తుంది: "ఎంత చెప్పినా లంకల జనం ఇళ్లు వదిలి రారు." ఈ నిందలో ఎక్కువ వాటా స్త్రీలదే. సామాన్లు వదలరు, గేదెను వదలరు, మొండివాళ్లు అంటారు. అది మొండితనం కాదు, బాగా లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయం అని నేనంటాను.

కోనసీమలో ఏటిగట్లకూ పాయలకూ మధ్య ఉన్న లంకలకు గట్టు రక్షణ లేదు. ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా వరద వచ్చింది. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండవది, 17.75కి మూడవది. పైన భద్రాచలం దగ్గర నీరు పెరుగుతుండగానే కిందివాళ్లకు కబురు అందుతుంది. అంటే సమాచారం కరువు కాదు. కానీ "మా గుమ్మంలోకి నీరు ఎప్పుడొస్తుంది?" అన్న ప్రశ్నకు ఈ అడుగులు జవాబు చెప్పవు.

లంకల్లో తిరిగినప్పుడు స్త్రీలు నాకు చెప్పిన కారణాలు వేరు. పునరావాస కేంద్రమంటే స్కూలు గదులు. వందల మందికి రెండు మరుగుదొడ్లు. బాలింత ఎక్కడ పడుకోవాలి? నెలసరి వచ్చిన పిల్ల ఎక్కడికి వెళ్లాలి? మంచం దిగలేని అత్తను పడవలోకి ఎవరు ఎక్కిస్తారు? ఇక గేదె. కౌలు చేలో పంట పోతే పరిహారం చాలాసార్లు కాగితం మీద పేరున్న భూ యజమానికి వెళుతుంది. ఆమె చేతికొచ్చేది పాల డబ్బే. గట్టు మీద గేదెకు చోటూ మేతా లేనప్పుడు ఆమె దాన్ని వదిలి ఎలా వస్తుంది?

2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ సహాయ శిబిరాల్లో వసతి, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుధ్యాలకు కనీస ప్రమాణాలు ఉండాలంటోంది. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలంటోంది. కాబట్టి మరుగుదొడ్డి అడగడం దయ కోరడం కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

ఈ హక్కును వరద రోజున పడవ దగ్గర నిలబడి సాధించలేం. మే నెలలోనే గ్రామసభలో అడగాలి. ధవళేశ్వరంలో ఎన్ని అడుగులకు ఏ వీధిలోకి నీరొస్తుందో కరెంటు స్తంభాల మీద గీతలు గీయించాలి. పాత వరదల మట్టం ఆ వీధి ఆడవాళ్లకే బాగా గుర్తుంటుంది. గర్భిణులు, వృద్ధులు, వికలాంగుల జాబితా పొదుపు సంఘాలు తయారుచేయాలి. ముందు పడవ వాళ్లకే రావాలి. మొదటి హెచ్చరికకే కేంద్రం తెరవాలి. పశువుల చోటు, మేత ఎక్కడో ముందే రాయించాలి. పరిహారం సాగు చేసినవాళ్లకు అందాలి, అందులో స్త్రీల పేరు ఉండాలి.

పంచాయతీ స్థానాల్లో సగం స్త్రీలవి. ఈ అంశాలను తీర్మానంగా రాయించే బలం మనకుంది. ఆ తీర్మానం కాపీ చేతిలో ఉంటే, "ఎందుకు రారు?" అని అడిగే అధికారిని "వచ్చినవాళ్ల కోసం ఏం సిద్ధం చేశారు?" అని మనమే అడగవచ్చు.