త్రీ ఇన్ వన్ వెల్డింగ్ మెషినూ, నా తెలివితేటలూ

మా బాబాయికి నరసరావుపేటలో గేట్లూ గ్రిల్సూ చేసే చిన్న షాపుంది. రేకుల షెడ్డు, బాబాయి, ఇద్దరు కుర్రాళ్ళు, రాగి వైండింగుతో ఎప్పటిదో పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్.. అంతే షాపు. పోయినేడాది కొత్త మెషిన్ కొందామనిపించి నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు ఇంజినీరువి కదా, ఏది మంచిదో చూసి చెప్పు" అన్నాడు.

ఇంకేముంది, ఎక్సెల్ తెరిచాను. పదకొండు మోడల్స్, పద్నాలుగు కాలమ్స్, ఒక్కోదానికీ వెయిటేజీ. స్టిక్ ఉందా, మిగ్ ఉందా, టిగ్ ఉందా, డిస్‌ప్లే ఉందా. టిక్కులు లెక్కపెడితే ఎక్కువ టిక్కులున్నదే గెలుస్తుందని చిన్నపిల్లాడికైనా తెలుసు. నాకు తెలీలేదు. మల్టీప్రాసెస్ మెషిన్ భారీ మెజారిటీతో గెలిచింది. చదివింది మెకానికలే లెండి. ఫస్టియర్ వర్క్‌షాపులో ఒక లాప్ జాయింట్ వేశాను, రికార్డు సీనియర్‌ది చూసి రాశాను. ఆ ధైర్యంతోనే "ఇదే కొను బాబాయ్, రేపు ఏ పనొచ్చినా పనికొస్తుంది" అని చెప్పాను. "పాతదెందుకు, ఇచ్చేసెయ్" అన్నదీ నేనే. పిన్ని గొలుసు బ్యాంకులో పెట్టి కొన్నారు.

ఏప్రిల్లో, గృహప్రవేశాల సీజన్ నడుస్తుండగా, బోర్డు పోయింది. స్టిక్, మిగ్, టిగ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. బోర్డు బాగై వచ్చేసరికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్న రెయిలింగ్ పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. బాబాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ.

ఆఫీసులో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ గురించి గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. ప్రొడక్షన్‌లో ఒక్క సర్వరు పెడదామని ఎవరైనా అంటే జాలిగా చూస్తాను. అదే నేను మా బాబాయి ప్రొడక్షన్ మొత్తాన్నీ ఒక్క బోర్డు మీద పెట్టించాను, ఉన్న బ్యాకప్పుని కూడా అమ్మించాను. మనలో చాలామంది ఊళ్ళో వాళ్ళకి ఇచ్చే సలహాలు ఇలాగే ఉంటాయని నా అనుమానం. వాళ్ళ పని చూడం, స్పెక్ షీట్ చూస్తాం. పైగా దానికి 'ఫ్యూచర్ ప్రూఫ్' అని పేరొకటి.

అసలు విషయానికొస్తాను. స్టిక్, టిగ్ రెండింటికీ స్థిరమైన కరెంట్ కావాలి, మిగ్‌కి స్థిరమైన వోల్టేజీ కావాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్లలో ఒకే డబ్బాతో ఈ రెండూ చేయించడం కష్టం. ఇన్వర్టర్ మెషిన్‌లో హార్డ్‌వేర్ ఒకటే, కంట్రోల్ మారిస్తే స్వభావం మారిపోతుంది. మనలాంటివాళ్ళం ఇక్కడే పడిపోతాం.. అరె, సాఫ్ట్‌వేర్‌తో మూడు మెషిన్లు! మరి గ్యాస్ సాఫ్ట్‌వేర్‌తో మారదుగా? మామూలు ఇనుముకి మిగ్ చెయ్యాలంటే సీఓటూ గానీ, ఆర్గాన్ కలిపిన మిక్చర్ గానీ కావాలి. టిగ్‌కి స్వచ్ఛమైన ఆర్గాన్ కావాలి, అక్కడ సీఓటూ పెడితే టంగ్‌స్టన్ మాడిపోతుంది. అంటే రెండో సిలిండరు, దానికి డిపాజిట్టు, ఇంకో రెగ్యులేటరు, ఇంకో టార్చి. నా ఎక్సెల్‌లో వీటికి కాలమే లేదు.

"అల్యూమినియం కూడా చేసుకోవచ్చండీ" అన్నాడు అమ్మినాయన. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీదుండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 దాటాలి. ఆ పొరని చీల్చడానికే టిగ్‌లో ఏసీ కరెంటు వాడతారు. మామూలు ధరలో దొరికే త్రీ ఇన్ వన్‌లు చాలావరకు డీసీవే, టిగ్ కూడా టంగ్‌స్టన్‌ని తాకించి లేపే లిఫ్ట్ రకమే. అయినా మా ఊళ్ళో అల్యూమినియం కిటికీలు స్క్రూలతో, రివెట్లతో బిగిస్తారు, వాటిని వెల్డింగ్ చేసేదెవరు?

ఇక ఆంపియర్లు. మెషిన్ మీద 200 అని పెద్దగా రాసుంటుంది, పక్కనే చిన్నగా 35 శాతం అని. అంటే పది నిమిషాల్లో మూడున్నర నిమిషాలే 200 ఇస్తుంది. ఆపకుండా వాడాలంటే ఉజ్జాయింపుగా 118 దగ్గర ఆగాలి (200 ఇంటూ 0.35 వర్గమూలం, కావాలంటే వేసి చూడండి). అదీ ఐఈసీ 60974-1 ప్రకారం 40 డిగ్రీల వాతావరణంలో పరీక్షించిన లెక్క. రెంటచింతల ఎండల గురించి తెలిసినవాళ్ళకి పల్నాడులో మే నెలలో రేకుల కింద ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అలాగని 400 ఆంప్స్‌కి ఎగబడక్కర్లేదు. గేట్ల పనిలో ఎక్కువగా వాడే 3.15 రాడ్డుకి 90 నుంచి 130 చాలు.

అందరూ మర్చిపోయేది వైరు. 130 ఆంప్స్‌తో రాడ్డు కాలుస్తుంటే సింగిల్ ఫేజ్ లైన్లోంచి మామూలు ఇన్వర్టర్ మెషిన్ దాదాపు 25 ఆంప్స్ లాగుతుంది. సైటు దగ్గర 30 మీటర్ల 1.5 స్క్వేర్ ఎక్స్‌టెన్షన్ వైరు వేస్తే, పోనూ రానూ కలిపి 18 వోల్టులు ఆ వైరే తినేస్తుంది, వైరు వేడెక్కడం అదనం. 4 స్క్వేర్ వేస్తే 7 వోల్టులు. సాయంత్రం లైన్లో వచ్చేదే అంతంతమాత్రం అయితే ఎంత ఖరీదైన మెషినైనా చిటపటలాడుతుంది, తప్పు మెషిన్ మీదకెళ్తుంది. కొనేముందు రెండు మూడు వేళల్లో లోడు మీద వోల్టేజీ చూసుకోవాలి, బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు ఎంతుందో చూసుకోవాలి. ఇదంతా ఐదొందల రూపాయల మీటరు పని.

అన్నట్టు, మా బోర్డు పోయింది కంపెనీ తప్పు మాత్రమే కాదు. కుర్రాళ్ళు మెషిన్ పక్కనే కట్టింగ్ వీల్ పెట్టేవాళ్ళు. ఫ్యాను ఆ ఇనప పొడినంతా లోపలికి పీల్చుకుంది. మూత తీసి చూస్తే బోర్డు మీద నల్లటి పొర. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఇలాంటి పొడి ఎన్నేళ్ళు తిన్నదో! దూరంగా పెట్టి, వారానికోసారి గాలి కొట్టాలని చెప్పాల్సింది ఎవరు? సలహా ఇచ్చిన ఇంజినీరే కదా.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. గేటు పని సగం షాపులో, సగం సైటులో జరుగుతుంది. సైటులో గాలికి మిగ్ గ్యాస్ కొట్టుకుపోయి అతుకులో బుడగలొస్తాయి, అక్కడ స్టిక్కే దిక్కు. షాపులో పల్చటి స్క్వేర్ పైపుకి 0.8 వైరుతో మిగ్ హాయి, స్లాగ్ కొట్టే పనుండదు. మెషిన్ ఆటో ఎక్కి సైటుకెళ్తే షాపులో ఉన్న కుర్రాడు ఏం చెయ్యాలి? మూడు ప్రాసెస్‌లు ఉన్నాయి సరే, ఒకేసారి రెండు చోట్ల ఉండలేదుగా! అదే డబ్బుతో షాపుకొక మిగ్, సైటుకొక చిన్న స్టిక్ మెషిన్ వచ్చేవి. ఒకటి పోతే రెండోదానితో నెట్టుకొచ్చేవాళ్ళు.

'అయితే మల్టీప్రాసెస్ దండగంటావా' అని అడుగుతారని తెలుసు :) కాదు. ఒక్కడే మనిషి, ట్రాలీ రిపేరు ఒకరోజు, స్టీలు బల్ల ఒకరోజు, దేనికీ నికరం లేని పని.. అలాంటి రిపేరు షాపుకి అది బంగారం. మిగ్‌తో పాటు స్టిక్ కూడా ఉంటే నాకేం అభ్యంతరం లేదు, దానికి అదనంగా పెద్దగా ఖర్చవదు. స్టీలు రెయిలింగే ప్రధానమైతే మాత్రం ముట్టుకోకుండానే ఆర్క్ అందుకునే అసలైన టిగ్ మెషిన్ విడిగా కొనాలి. ఏది కొన్నా దాని లైనరూ, టిప్పులూ, రోలర్లూ మన ఊళ్ళోనో గుంటూరులోనో దొరకాలి. వారంటీ కార్డు మీద ఎన్నేళ్ళుందో కాదు, బోర్డు ఏ ఊరికెళ్ళి ఎన్నాళ్ళకొస్తుందో అడగాలి. నేను అడగలేదు.

బాబాయి ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న స్టిక్ మెషిన్ కొన్నాడు, నన్నడక్కుండానే. త్రీ ఇన్ వన్‌ని షాపులో మిగ్‌కి మాత్రమే వాడుతున్నారు. టిగ్ టార్చి కవరు విప్పకుండా అలమారలో ఉంది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది, ఈ నెల వడ్డీ నేను కట్టాను.